సోరియాసిస్ ఉన్నవారికి గుండె పరీక్షలు ఎందుకు?

బ్రాడీపేట నివాసి:
నాకు 44 ఏళ్లు. చాలా ఏళ్లుగా మోచేతుల మీద, తల మీద సోరియాసిస్ ఉంది. మొన్న గుంటూరులో చర్మ వైద్యురాలు మందులు రాసే ముందు బీపీ చూసి, నడుము చుట్టుకొలత కొలిచి, పరగడుపున షుగరు, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించుకొని రమ్మన్నారు. పొలుసులు రాలే జబ్బుకూ గుండెకూ సంబంధమేమిటని అప్పుడు అడగలేకపోయాను. మీకెవరికైనా ఇలా చెప్పారా?

సూర్యారావుపేట ఫార్మసిస్టు:
సంబంధం ఉన్నదండీ. సోరియాసిస్ చర్మం మీద కనిపించినా, అసలు గొడవ రోగనిరోధక వ్యవస్థది. టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ 17 వంటి, వాపు పుట్టించే పదార్థాలు చర్మంలోనే ఉండిపోక రక్తంలో తిరుగుతూ రక్తనాళాల లోపలి పొరనూ దెబ్బతీస్తాయి; కొవ్వు పేరుకోవడానికి అక్కడ చోటు దొరుకుతుంది. బ్రిటన్ వైద్య రికార్డుల ఆధారంగా 2006లో వెలువడిన అధ్యయనంలో, తీవ్రమైన సోరియాసిస్ ఉన్న 30 ఏళ్లవారికి గుండెపోటు ముప్పు ఆ జబ్బు లేనివారికంటే సుమారు 3 రెట్లు ఉన్నట్లు తేలింది. ఆ వయసులో అసలు ముప్పే స్వల్పం కనుక ఈ అంకె చూసి బెంబేలెత్తనక్కరలేదు. అయితే 2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు సోరియాసిస్‌ను గుండె ముప్పును పెంచే అంశాల్లో చేర్చాయి.

కృష్ణలంక రిటైర్డ్ ఉద్యోగి:
నాకు ఇది మరో వైపు నుంచి ఎదురైంది. బీపీకి బీటా బ్లాకర్ బిళ్ల రాసిన వైద్యుడికి నా చర్మం సంగతి నేను చెప్పలేదు. ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా విడవని మనిషిని, ఆయనకు కనిపించే వీలూ లేదు. రెండు నెలల్లో వీపంతా మచ్చలు లేచాయి. చర్మ వైద్యుడు ఆ స్ట్రిప్ చూడగానే కారణం పట్టుకున్నారు, కానీ ఉన్నపళంగా మానితే గుండెకు ప్రమాదమని హెచ్చరించి, గుండె డాక్టరుకు ఉత్తరం రాసిచ్చి, ఆయన చేతనే మార్పించారు.

మిర్చి యార్డు గుమస్తా:
నాకు సోరియాసిస్‌కు వారానికొకసారి మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకోమన్నారు. చర్మం శుభ్రపడింది. గుండెకూ అదే చాలా?

సూర్యారావుపేట ఫార్మసిస్టు:
చాలదండీ. తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ గుండెజబ్బు ఉన్నవారిలో గుండెపోట్లను తగ్గించలేదని 2018లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. బీపీ, షుగరు, కొవ్వు, పొగతాగే అలవాటు, వీటి సంగతి విడిగా చూసుకోవలసిందే. సోరియాసిస్‌కే ఇచ్చే మరో మందు సైక్లోస్పోరిన్ వాడేవారిలో బీపీ పెరగవచ్చు కూడా.

బ్రాడీపేట నివాసి:
రిపోర్టు వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) 238. సోరియాసిస్‌కు ఎసిట్రెటిన్ అనే మందు రాద్దామనుకున్న డాక్టరుగారు, అది ఈ కొవ్వును ఇంకా పెంచుతుందని ప్రస్తుతానికి ఆపి, మూడు నెలల తరువాత మళ్లీ పరీక్ష చేయించమన్నారు. సాయంత్రం పునుగులు మాత్రం మా ఆవిడ ఈ రోజు నుంచే ఆపించింది.