బ్యాలస్ట్ నీటికి అన్ని ఓడలకూ ఒకే రూలా? రూటును బట్టి వేరే రూలా?

ఒడ్డుమీద_నేను

2024 సెప్టెంబర్ 8తో ఆఖరి గడువు కూడా దాటిపోయింది. బ్యాలస్ట్ నీటి ఒప్పందం కిందికొచ్చే ఓడలన్నీ ఇప్పుడు డి-2 ప్రమాణానికి, అంటే వదిలే నీటిలో బతికున్న జీవులు ఇంతకు మించకూడదన్న హద్దుకు, లోబడి తీరాలి. అంటే దాదాపు ప్రతి ఓడలోనూ నీటిని శుద్ధి చేసే యంత్రం ఉండాల్సిందే.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. సరుకు దించేసిన ఓడ తేలికై నిలకడ తప్పుతుంది. అందుకని అడుగు ట్యాంకుల్లోకి ఆ రేవు నీళ్లే తోడుకుంటుంది. మళ్లీ సరుకు ఎక్కించుకునే చోట ఆ నీళ్లు వదిలేస్తుంది. నీళ్లతో పాటు ఎక్కడివో లార్వాలు, నాచు, బ్యాక్టీరియా ఇంకెక్కడో దిగుతాయి. ఐక్యరాజ్యసమితి నౌకాయాన సంస్థ ఐఎంఓ దీన్ని ఆపడానికి 2004లో ఈ ఒప్పందం తయారుచేసింది. 30 దేశాలు, ప్రపంచ నౌకా టన్నేజీలో 35 శాతం కూడితేనే అమల్లోకి వస్తుందని షరతు. 2016లో ఫిన్లాండ్ చేరాక ఆ లెక్క సరిపోయింది, 2017 సెప్టెంబర్‌లో అమలు మొదలైంది.

నా అభ్యంతరం ఒక్కటే. మహాసముద్రం దాటి వచ్చే ఓడకీ, ఒకే చిన్న సముద్రంలో పక్కపక్క దేశాల రేవుల మధ్య తిరిగే ఓడకీ ఒకే రూల్ ఎందుకు? రెండోదాని ట్యాంకులో ఉన్న జీవులు అవతలి రేవులో ముందే ఉన్నవే కదా. యంత్రానికి లక్షల డాలర్లు అవుతాయి, దాని కరెంటు కోసం కాల్చే ఇంధనం అదనం. ప్రమాదం ఎక్కడుందో చూసి అక్కడ బిగించాలని నా వాదన. ఒప్పుకోనివాళ్లు కారణం చెప్పండి.

ప్లవకం

నేను ఒప్పుకోను. "దగ్గరి రూటు కాబట్టి ప్రమాదం తక్కువ" అనేది వినడానికి బాగానే ఉంటుంది. ఉత్తర అమెరికా గ్రేట్ లేక్స్ అనే అయిదు పెద్ద మంచినీటి సరస్సుల్లో జరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప నల్లసముద్రం, కాస్పియన్ ప్రాంతానిది. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో దొరికింది. సముద్రం దాటి వచ్చిన ఓడే తెచ్చిందనుకుంటారు. తర్వాత నీటి సరఫరా పైపులూ, విద్యుత్ కేంద్రాల పైపులూ పూడుకుపోయేలా పెరిగింది. అదే ప్రాంతం నుంచి వచ్చిన రౌండ్ గోబీ అనే చేప 1990లో సెయింట్ క్లెయిర్ నదిలో కనిపించింది. 1995 నాటికి అయిదు సరస్సుల్లోనూ ఉంది. అరచేతిలో పట్టే చేప, నేలబారుగా తిరిగేది, అయిదేళ్లలో అంత దూరం ఈదిందంటారా? సరస్సుల్లోనే తిరిగే సరుకు ఓడల మీదే అందరికీ అనుమానం. వాటికి అప్పట్లో ఎక్స్చేంజ్ రూల్ (నడిసముద్రంలో ట్యాంకు నీళ్లు మార్చుకోవాలన్నది) వర్తించలేదు, ఎందుకంటే అవి "లోకల్".

బయటి ఓడ ఒక్కసారి తెస్తుంది. రేవురేవుకూ పంచిపెట్టేది మీరు మినహాయింపు అడుగుతున్న ఓడలే.

ఒడ్డుమీద_నేను

ప్లవకం గారూ, గ్రేట్ లేక్స్ ఉదాహరణ మీరు సగమే చెప్పారు. మిగతా సగం నా వైపుంది. 2006లో కెనడా, 2008లో అమెరికా ఒక నియమం తెచ్చాయి: సముద్రం నుంచి సరస్సుల్లోకి వచ్చే ఓడ, ట్యాంకులు ఖాళీగా ఉన్నా సరే, అడుగున మిగిలిన నీళ్లనీ బురదనీ నడిసముద్రపు ఉప్పునీటితో కడుక్కుని రావాలి. ఆ తర్వాత కొత్త జాతులు దొరకడం బాగా తగ్గిపోయింది. శుద్ధి యంత్రాల్లో ఉండే యూవీ (అతినీలలోహిత కాంతి) ల్యాంపుల్లేవు, క్లోరిన్ లేదు. మంచినీటి జీవి ఉప్పు తగిలి చస్తుంది, అంతే. ఆ దారికి ఏం కావాలో చూసి పెట్టిన రూల్ అది.

ప్లవకం

మంచినీటి రేవుకు అది పనిచేస్తుంది. ఉప్పునీటి రేవు నుంచి ఉప్పునీటి రేవుకు వెళ్లేటప్పుడు ఏ ఉప్పు చంపుతుంది?

సెకండింజనీర్

నమస్తే. నేను ఆ యంత్రంతోనే కుస్తీ పట్టేవాణ్ణి, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

మొదట ఎక్స్చేంజ్ సంగతి. డి-2కి ముందున్నది డి-1. ఒడ్డుకు 200 నాటికల్ మైళ్ల అవతల, కనీసం 200 మీటర్ల లోతున్న చోట ట్యాంకులో 95 శాతం నీరు మార్చాలి. కుదరకపోతే 50 మైళ్లు, లోతు మాత్రం అదే. ఇక్కడ కూర్చుని రాసినంత సులువు కాదది. నడిసముద్రంలో ట్యాంకు ఖాళీ చేసి నింపడమంటే ఓడ నిలకడతో ఆడుకోవడమే. 2006 జూలైలో కూగర్ ఏస్ అనే కార్ల ఓడ అలూషన్ దీవులకు దక్షిణంగా బ్యాలస్ట్ మారుస్తూ సుమారు 60 డిగ్రీలు ఒరిగిపోయింది. లోపల నాలుగు వేలకు పైగా కార్లు. సిబ్బంది 23 మందినీ రక్షించారు గానీ, తర్వాత ఓడను కాపాడే పనిలో ఒక నిపుణుడు చనిపోయారు. అందుకే "ఎక్స్చేంజ్ చాలు, యంత్రం ఎందుకు" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక యంత్రం. ఎక్కువ భాగం రెండు రకాలు. ముందు 40, 50 మైక్రాన్ల ఫిల్టర్ ఉంటుంది (మైక్రాన్ అన్నా మైక్రోమీటర్ అన్నా ఒకటే, మిల్లీమీటరులో వెయ్యో వంతు). తర్వాత యూవీ గానీ, ఎలక్ట్రోక్లోరినేషన్ గానీ. రెండోది సముద్రపు నీటిలోని ఉప్పు నుంచే కరెంటుతో క్లోరిన్ పుట్టిస్తుంది. వదిలేముందు మిగిలిన క్లోరిన్‌ను ఇంకో రసాయనంతో విరిచేయాలి. ఈ పద్ధతిలో బ్రోమోఫామ్ లాంటి ఉపఉత్పత్తులు పుడతాయని చెప్పే బ్రోషర్ తక్కువ.

టెస్ట్ ట్యాంకులో రెండూ బాగానే పనిచేస్తాయి. ఇప్పుడు నదీముఖంలో ఉన్న రేవుకు రండి. నీళ్లు కాఫీ రంగు. ఫిల్టర్ క్షణక్షణానికీ వెనక్కి కడుక్కుంటుంది, పంపు ప్రవాహం పడిపోతుంది. బురదలోంచి యూవీ దూరదు. నదినీళ్లలో ఉప్పుండదు కాబట్టి రెండో యంత్రానికి క్లోరిన్ చేసే ముడిసరుకే లేదు. ఒడ్డు మీద టెర్మినల్ వాళ్లు "గంటకు ఇన్ని టన్నులు దించుతాం, నీళ్లు తొందరగా నింపుకోండి" అంటారు. పైనుంచి ఫోను, కిందనుంచి అలారం. అప్పుడు చీఫ్ ఇంజనీర్ ముఖం చూడాలి! చివరికి నీళ్లు యంత్రంలోంచి పోకుండా బైపాస్ తెరుస్తారు.

దీనికోసమే 2024లో ఐఎంఓ "కష్టమైన నీరు" గురించి మార్గదర్శకం ఇచ్చింది. గత్యంతరం లేక బైపాస్ చేస్తే రికార్డులో రాయాలి, తర్వాత దూర సముద్రంలో ఆ ట్యాంకులను కడిగి, శుద్ధిచేసిన నీటితో మార్చాలి. మరి ఆ దూర సముద్రమే దారిలో లేని చిన్న రూటు ఓడ ఏం చేస్తుంది? ఒడ్డుమీద_నేను గారి ప్రశ్న వింటే నాకు గుర్తొచ్చింది అదే. రూల్ అందరికీ ఒకటే పెట్టారు, తప్పుకునే దారి మాత్రం దూరం వెళ్లేవాళ్లకే పెట్టారు.

లెక్కలపుస్తకం

అసలు డి-2 ఏం చెబుతుందో ఎవరైనా గుణించి చూశారా? ఒక క్యూబిక్ మీటరులో 50 మైక్రోమీటర్లూ ఆ పైన సైజున్న, బతికి పెరగగల జీవులు పదికి తక్కువ ఉండాలి. 10 నుంచి 50 మైక్రోమీటర్లవి మిల్లీలీటరుకు పదికి తక్కువ. ఒక పెద్ద ఓడ 60,000 క్యూబిక్ మీటర్లు వదిలిందనుకోండి. పెద్ద జీవులు దాదాపు 6 లక్షల దాకా చట్టబద్ధం. చిన్నవి 60,000 కోట్ల దాకా.

ఇంత డబ్బు పోసి కొన్నది ఇదా?

ప్లవకం

అంకె చూసి బెదరక్కర్లేదండీ. కొత్త చోట నిలదొక్కుకోవాలంటే జీవికి జత దొరకాలి, తిండి దొరకాలి, వేడి సరిపడాలి. ఎంతమంది దిగారు, ఎన్నిసార్లు దిగారు అన్నదాని మీదే అవకాశం ఆధారపడుతుంది. 6 లక్షలు వేల ఎకరాల నీటిలో చెదిరిపోతాయి. శుద్ధి చేయని నీటిలో క్యూబిక్ మీటరుకు వేలల్లో ఉండేవి పదికి పడిపోవడం చిన్న విషయం కాదు.

అయితే ఆ "పది" ఏ ప్రయోగశాలలోనో తేలిన గీత కాదన్నది నిజం. దేశాలు కూర్చుని బేరమాడి పెట్టుకున్న అంకె. కాలిఫోర్నియా 2006లోనే ఇంతకన్నా చాలా కఠినమైన ప్రమాణం చట్టంలో రాసుకుంది, చివరికి జీవి కనిపించకూడదన్నంత వరకు. అది అందుకునే యంత్రం లేక వాయిదాల మీద వాయిదాలు వేసి చివరి మెట్టును 2040కి నెట్టింది. ఆకాశానికి నిచ్చెన వేస్తే జరిగేది అదే. నేను డి-2ని సమర్థించేది అది గొప్పదని కాదు, పెట్టగలిగింది అది కాబట్టి.

రేవు_గుమస్తా

ఎవరూ అడగలేదు కాబట్టి నేనే అడుగుతా. నల్లసముద్రం కథ ఏమైంది? ఈ టాపిక్ ఎక్కడ తెరిచినా మొదట అదే చెప్తారే!

ఒడ్డుమీద_నేను

చెప్తారు, సగం దాచి చెప్తారు. నిమియాప్సిస్ అనే దువ్వెన జెల్లీ అమెరికా తూర్పు తీరానిది. 1980ల మొదట్లో నల్లసముద్రం చేరింది, దశాబ్దం చివరికి విపరీతంగా పెరిగింది. అదే సమయంలో ఆంకోవీ చేపల వేట కుప్పకూలింది. కానీ అప్పటికే ఆ చేపల్ని హద్దులేకుండా పట్టేస్తున్నారు, నదుల్లోంచి ఎరువుల వ్యర్థాలు వచ్చి పడుతున్నాయి. నేరమంతా జెల్లీ మీద తోయడం సుఖం, దానికి వకీలు లేడు కదా.

ఇంకో తమాషా. 1997లో బెరోయి అనే మరో జెల్లీ అక్కడికి వచ్చింది. దాని తిండే నిమియాప్సిస్! పాతది తగ్గింది, చేపలు కొంత కోలుకున్నాయి.

రేవు_గుమస్తా

ముల్లును ముల్లుతోనే తీశారన్నమాట 😄

ప్లవకం

ఎవరూ తీయలేదు, అదృష్టం కొద్దీ ఊడిపోయింది. అదే నిమియాప్సిస్ 1999 నాటికి కాస్పియన్‌లో తేలింది. అక్కడ కిల్కా చేపలు తగ్గిపోయాయి. నల్లసముద్రం నుంచి కాస్పియన్‌కు ఓడలు వోల్గా-డాన్ కాలువ మీదుగా వెళ్తాయి. చిన్న రూటే, పొరుగు సముద్రమే. ఒడ్డుమీద_నేను గారి లెక్క ప్రకారం "తక్కువ ప్రమాదం" జాబితాలో పడే ప్రయాణం.

నాచుపట్టిన_అడుగు

మీరంతా ట్యాంకు లోపలే చూస్తున్నారు. ఓడ బయట అంటుకుని వచ్చేవాటి మాటేంటి?

1999లో ఆస్ట్రేలియా డార్విన్ నగరపు మెరీనాల్లో (చిన్న పడవలు నిలిపే రేవుల్లో) నల్లచారల మసెల్ వేలకొద్దీ కనిపించింది. అది వచ్చింది బ్యాలస్ట్‌లో కాదు, పడవ అడుగున అంటుకుని. మెరీనాలకు తాళం వేసి, క్లోరిన్, కాపర్ సల్ఫేట్ పోసి లోపలున్న జీవాలన్నిటితో కలిపి చంపేశారు. పని జరిగింది, ఎందుకంటే తొందరగా పట్టుకున్నారు, మెరీనాలకు గేట్లున్నాయి. తెరిచిన సముద్రంలో ఆ అవకాశం ఎవరికీ రాదు.

ఓడ అడుగున పేరుకునే జీవాల మీద ఐఎంఓ 2011లో ఇచ్చిందీ, 2023లో సవరించిందీ మార్గదర్శకాలే, చట్టం కాదు. కట్టుబడి ఉండాల్సిన నిబంధన తయారుచేద్దామని 2025లో గానీ అనుకోలేదు. న్యూజిలాండ్ మాత్రం 2018 నుంచే శుభ్రమైన అడుగుతో రమ్మని పట్టుబడుతోంది. ముందు తలుపు బిగించి, కిటికీలు బార్లా తెరిచి పెట్టాం.

సెకండింజనీర్

నిజమే, కానీ అది వేరే థ్రెడ్ అవుతుంది. ఒకటి చేయలేదని రెండోది మానేయమని ఎవరూ అనరు కదా.

నన్నడిగితే అందరికీ ఒకే రూలా, వేర్వేరా అన్నది తర్వాతి సంగతి. వదిలిన నీటిని చూసేదెవరు? యంత్రం బిగించాక ఒకసారి నీటి శాంపిల్ తీసి పరీక్షించాలని 2022 జూన్ నుంచి తప్పనిసరి చేశారు. మంచిది. ఆ తర్వాత? రేవు తనిఖీ అధికారి ముందు చూసేది సర్టిఫికెట్, రికార్డు పుస్తకం, సిబ్బందికి యంత్రం నడపడం వచ్చా రాదా. ట్యాంకులోంచి శాంపిల్ తీసి జీవుల్ని లెక్కపెట్టడమంటే ల్యాబ్ కావాలి, సమయం కావాలి, ఈలోగా ఓడ వెళ్లిపోతుంది. యూవీ తగిలిన జీవి కదులుతూనే ఉంటుంది కానీ పిల్లల్ని పెట్టలేదు. దాన్ని బతికున్నట్టు లెక్కేయాలా వద్దా అని ఐఎంఓ ఒక దారి, అమెరికా కోస్ట్ గార్డ్ ఇంకో దారి పట్టాయి. అమెరికా అసలు ఈ ఒప్పందంలోనే లేదు, దాని రూల్ దానిదే. అమెరికా తన ప్రమాణం 2012లో పెట్టుకుంది, ఆ ప్రమాణం కింద మొదటి యంత్రానికి పూర్తి ఆమోదం దొరికింది 2016 డిసెంబర్‌లో.

లెక్కపెట్టే పద్ధతి మీదే ఏకాభిప్రాయం లేనప్పుడు, అందరికీ ఒకే ప్రమాణం అన్నమాట కాగితం మీదే ఉంటుంది.

ఒడ్డుమీద_నేను

అందుకే రూటును బట్టి పెట్టమంటున్నా. తనిఖీ చేసే చేతులు కొన్నే ఉన్నప్పుడు, ప్రమాదమున్న ఓడల మీదే పెట్టండి. ఒప్పందంలో దీనికి దారి ఉంది కూడా. నిర్దిష్టమైన రేవుల మధ్యే తిరిగే ఓడకు, ప్రమాదాన్ని అంచనా వేసి, గరిష్ఠంగా అయిదేళ్లకు మినహాయింపు ఇవ్వొచ్చు. మధ్యలో మళ్లీ సమీక్షించాలి.

ప్లవకం

ఇవ్వొచ్చు. దానికి రెండు రేవుల్లోనూ ఏ జీవులున్నాయో సర్వే కావాలి, అదీ తాజాగా. పదేళ్ల కిందటి జాబితా పట్టుకుని "రెండు చోట్లా ఒకే జీవులు" అంటే నేను సంతకం పెట్టను. ఆ సర్వే ఖర్చు ఓడ యజమాని భరించి, కొత్త జాతి ఒక్కటి దొరికిన రోజే మినహాయింపు రద్దయ్యేలా ఉంటే నాకు అభ్యంతరం లేదు. అంత ఖర్చు లెక్కేసుకుంటే చాలామంది యంత్రమే చవకని కొనుక్కుంటారు.

ఒడ్డుమీద_నేను

ఖర్చు ఒక్క యజమాని మీదే ఎందుకు? రేవు సర్వే వల్ల ఆ రేవుకొచ్చే అందరికీ లాభమే. రేవు రుసుములోంచి తీయండి. అప్పుడు నా చిన్న ఓడ కూడా తట్టుకుంటుంది.

లెక్కలపుస్తకం

రేవు రుసుము పెరిగితే ఓడలు పక్క రేవుకు పోతాయి. ఆ పక్క రేవులో సర్వే ఉండదు.

సెకండింజనీర్

చిన్న ఓడల వాళ్లకు ఒక మాట. ఎక్కిన చోటే నీళ్లు దింపితే, అంటే ఒక రేవులో తీసుకున్న నీటిని వేరేచోటి నీటితో కలపకుండా తిరిగి అక్కడే వదిలితే, శుద్ధి చేయాల్సిన పనిలేదు. సీలు చేసిన ట్యాంకులో శాశ్వతంగా ఉండే బ్యాలస్ట్‌కు ఒప్పందమే వర్తించదు. రెండు రేవుల మధ్య రోజూ తిరిగే ఫెర్రీలకు ట్యాంకుల అమరిక మార్చి ఇలా నడపడం కుదురుతుంది. గుట్టగా సరుకు దించే బల్క్ ఓడకు మాత్రం కుదరదు, దానికి వేల టన్నుల నీరు తోడక తప్పదు. కాబట్టి ఒడ్డుమీద_నేను గారూ, ముందు మీరు మాట్లాడుతున్నది ఏ రకం ఓడ గురించో చెప్పండి.

ఒడ్డుమీద_నేను

సిమెంటు మోసే చిన్న బల్క్ ఓడలు. రెండు దేశాలు, మూడు రేవులు, ఒకటి నదీముఖంలో.

సెకండింజనీర్

అయితే మీకు యంత్రం తప్పదు, నదీముఖంలో అది మొరాయించకా తప్పదు. యూవీ కొనేముందు ఆ రేవు నీళ్లు వానాకాలంలో పట్టించి, కాంతి ఎంత దూరుతుందో కొలిపించండి. అమ్మేవాళ్లు ఎండాకాలం నీళ్లతో చూపిస్తారు.