అయిదో నెలలో కోరింత దగ్గు టీకా వేయించుకోమంటున్నారు, భయం లేదా?

అందరికీ నమస్తే. మేం ఖమ్మం నుంచి ఈ మధ్యే ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాం, మా ఆయనకి ఇక్కడ ఉద్యోగం. నాకిప్పుడు అయిదో నెల. స్కాన్‌కి వెళ్తే మిడ్‌వైఫ్ (గర్భిణుల్ని చూసే నర్సు) కోరింత దగ్గు టీకా వేయించుకోమంది. ఇండియాలో ఉండగానే మూడో నెలలో టీటీ (ధనుర్వాతం టీకా) వేశారు, మళ్లీ ఇదెందుకని అత్తయ్యగారు ఒద్దంటున్నారు. మా ఆడపడుచు పాపకి దగ్గు టీకా వేస్తే రెండ్రోజులు జ్వరంతో ఒళ్లు కాలిపోయిందట. కడుపులో బిడ్డకి ఏమైనా అవుతుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. ఇక్కడ వేయించుకున్న అక్కలెవరైనా చెప్పండి.

జవాబు, లీడ్స్ నుంచి:

చెల్లీ, వేయించుకో. నా కానుపులు రెండూ ఇక్కడే, రెండుసార్లూ వేయించుకున్నాను. అయితే నా మాట విని ఊరికే ధైర్యం తెచ్చుకోవడం కాదు, ఆ టీకా ఏంటో తెలుసుకుంటే నీ భయం సగం తగ్గుతుంది.

మీ ఆడపడుచు పాపకి జ్వరం వచ్చిందన్నది నిజమే అయ్యుంటుంది. మన దగ్గర సర్కారు దవాఖానాల్లో పిల్లలకి వేసే దగ్గు టీకాలో చంపేసిన బాక్టీరియాని మొత్తంగా వాడతారు. అందుకే తొడ వాస్తుంది, జ్వరం వస్తుంది, పిల్లలు రాత్రంతా ఏడుస్తారు. గర్భిణులకి ఇక్కడ వేసేది అది కాదు. ఇందులో దగ్గుకి సంబంధించి ఆ బాక్టీరియా నుంచి శుద్ధి చేసి తీసిన కొన్ని ప్రొటీన్లు మాత్రమే ఉంటాయి, అదీ పెద్దవాళ్లకి సరిపడా తక్కువ మోతాదులో. 2024 జులై నుంచి ఇంగ్లండ్‌లో అడసెల్ అనే టీకా వేస్తున్నారు. బతికున్న క్రిములు ఉండవు కాబట్టి దీనివల్ల నీకుగానీ బిడ్డకిగానీ కోరింత దగ్గు రాదు. పాదరసం కలిసిన ప్రిజర్వేటివ్ కూడా ఉండదు.

ఇక టీటీ సంగతి. అది ధనుర్వాతానికి. ఈమధ్య దాని బదులు టీడీ వేస్తున్నారు, అందులో డిఫ్తీరియా కూడా కలుస్తుంది. కోరింత దగ్గు మాత్రం రెండింటిలోనూ లేదు. కాబట్టి అది వేయించుకున్నావని ఇది మానాల్సిన పని లేదు. కాకపోతే ఎప్పుడు వేశారో ఆ తేదీ నర్సుకి తప్పకుండా చెప్పు, ఇండియాలో ఇచ్చిన కార్డు ఉంటే పట్టుకెళ్లు. ఇక్కడ వేసే టీకాలోనూ ధనుర్వాతానిది కలిసే ఉంటుంది, అవి దగ్గరదగ్గరగా పడితే చెయ్యి నొప్పి, వాపు కాస్త ఎక్కువగా ఉండొచ్చు.

సైడ్ ఎఫెక్ట్స్ అంటే ఎక్కువమందికి చెయ్యి నొప్పే. సూది పడ్డ చోట ఎర్రగా అవుతుంది, కొంచెం వాస్తుంది, చెయ్యి పైకెత్తి జడ వేసుకోవాలంటే పట్టేసినట్టు ఉంటుంది. కొందరికి చర్మం కింద చిన్న గడ్డలా తగులుతుంది, అదే కరిగిపోతుంది. ఒళ్లు నొప్పులు, నీరసం, తలనొప్పి, కొంచెం వికారం, అన్నం సయించకపోవడం, ఒక్కోసారి వెచ్చబడటం కూడా ఉంటాయి. మామూలుగా రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. నువ్వు ఎడమవైపు తిరిగి పడుకుంటావా? అయితే కుడిచేతికి వేయమని అడుగు. వదులు చేతులున్న కుర్తా వేసుకెళ్లు, భుజం దాకా పైకి జరపాలి.

ఒళ్లు వెచ్చబడినా నొప్పి ఎక్కువగా ఉన్నా పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఇక్కడ అందరం జాగ్రత్తపడాల్సిన విషయం ఒకటుంది. మనం పెట్టెలో మందులు తెచ్చుకుంటాం కదా, డోలో 650 కూడా పారాసిటమాలే. ఇక్కడి షాపులో కొన్న 500 ఎంజీ పారాసిటమాల్ మాత్రలూ అదీ కలిపి వేసుకుంటే మోతాదు దాటిపోతుంది. కాంబిఫ్లామ్ మాత్రం అసలు ముట్టుకోకు, అందులో ఐబుప్రొఫెన్ ఉంది, గర్భంతో ఉన్నప్పుడు డాక్టర్ చెప్తే తప్ప వాడకూడదు. పారాసిటమాల్ వేసుకున్నా జ్వరం తగ్గకుండా 38 డిగ్రీలు, ఆపైన ఉంటే జీపీకిగానీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) మిడ్‌వైఫ్‌కిగానీ ఫోన్ చెయ్యి. రాత్రిపూట అయితే 111 హెల్ప్‌లైన్‌కి.

ప్రాణం మీదికొచ్చే అలర్జీ చాలా చాలా అరుదు, పది లక్షల డోసుల్లో ఒకటి కంటే తక్కువ. అది వచ్చినా సాధారణంగా టీకా వేసిన కొద్ది నిమిషాల్లోనే మొదలవుతుంది, నర్సు దగ్గర దానికి మందు సిద్ధంగా ఉంటుంది. ఇంతకు ముందు ఏ టీకాకైనా ఊపిరాడకపోవడం, ముఖం, గొంతు వాయడం లాంటివి జరిగితే ముందే చెప్పు. ఆ రోజు నీకు బాగా జ్వరంగా ఉంటే వాయిదా వేస్తారు. మామూలు జలుబుకి మానక్కర్లేదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది చెప్తాను. టీకా వేయించుకున్నాక ఏది వచ్చినా "అబ్బే, సూది వల్లలే" అని ఊరుకోకు. ఇరవై వారాలు దాటాక బీపీ పెరిగే ప్రమాదం ఉంది, దానికి టీకాతో సంబంధం లేదు. విడవకుండా గట్టి తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, మసక, పక్కటెముకల కింద నొప్పి, ఉన్నట్టుండి ముఖమో చేతులో వాయడం, వీటిలో ఏది కనిపించినా నీ నోట్స్‌లో ఉన్న మెటర్నిటీ నంబరుకి వెంటనే ఫోన్ చెయ్యి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా అంతే. బిడ్డ కదలికలు నీకింకా సరిగా తెలియకపోవచ్చు. తెలియడం మొదలయ్యాక తగ్గాయనిపిస్తే మర్నాటి దాకా ఆగొద్దు. 24 వారాలకీ తెలియకపోతే మిడ్‌వైఫ్‌కి చెప్పు. వాళ్లని ఇబ్బంది పెడుతున్నామేమో అని మనవాళ్లు మొహమాటపడతారు. మొహమాటపడకు. ఇంగ్లిష్‌లో చెప్పడం కష్టమైతే తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలని అడుగు, దానికి డబ్బులు తీసుకోరు.

మళ్లీ ప్రశ్న, లెస్టర్ నుంచి:

అక్కా, చాలా థాంక్స్. కానీ మా ఆయన నెట్‌లో చూశారు, ఈ టీకా వేయించుకున్నవాళ్లకి కడుపులో ఇన్ఫెక్షన్ ఎక్కువ వచ్చిందని అమెరికాలో తేలిందట. అప్పటినుంచి ఆయనకీ భయం పట్టుకుంది.

జవాబు, లీడ్స్ నుంచి:

మీ ఆయన చదివింది ఉన్నదే. 2014లో అచ్చయిన ఆ అధ్యయనంలో 1,20,000 పైచిలుకు కానుపుల రికార్డులు చూశారు. ఉమ్మనీటి పొరల ఇన్ఫెక్షన్ అని రాసిన కేసులు టీకా వేయించుకున్నవాళ్లలో నూటికి 6.1, వేయించుకోనివాళ్లలో 5.5. తేడా ఉంది, చిన్నదే. అలాంటి ఇన్ఫెక్షన్ వల్ల భయపడేది నెలలు నిండకుండా కానుపు అవుతుందని. ఆ నెలలు తక్కువ కానుపులు మాత్రం టీకా వేయించుకున్నవాళ్లలో పెరగలేదు. ఆ ముక్క కూడా ఆయన్ని చదవమను. ఇక్కడ మందుల భద్రత చూసే ఎంహెచ్‌ఆర్‌ఏ టీకా వేయించుకున్న సుమారు 20,000 మంది గర్భిణుల రికార్డులు పరిశీలించింది. కడుపులో బిడ్డ పోవడం పెరిగిన దాఖలా కనిపించలేదు.

అటువైపు కూడా చూడాలి కదా. 2012లో ఇంగ్లండ్‌లో కోరింత దగ్గు విజృంభించి 14 మంది పసికందులు పోయారు. అందుకే ఆ ఏడాది అక్టోబరులో గర్భిణులకి టీకా మొదలుపెట్టారు. 2024లో మళ్లీ 14 వేలకు పైగా కేసులొచ్చాయి. నెలల పిల్లలకి పెద్దవాళ్లలా దగ్గు తెర, దాని చివర ఊపిరి లాగేటప్పుడు వచ్చే కూతలాంటి శబ్దం రాకపోవచ్చు. ఉన్నట్టుండి ఊపిరి ఆగి నీలంగా అయిపోతారు. పాపకి సొంత టీకా మొదలయ్యే దాకా అండగా ఉండేది నీ ఒంట్లో తయారై మాయ ద్వారా వెళ్లే ప్రతిరక్షకాలే. కొన్నాళ్లకి అవి తగ్గిపోతాయి, అందుకే ప్రతి కానుపుకీ మళ్లీ వేస్తారు. 16వ వారం నుంచి వేస్తారు, 32లోపు అయిపోతే మంచిది. నువ్వు సరైన సమయంలోనే ఉన్నావు.

టీకా తర్వాత ఏదైనా తేడా అనిపిస్తే సైడ్ ఎఫెక్ట్స్ తెలియజేసే ఎల్లో కార్డ్ వెబ్‌సైట్‌లో నువ్వే రాయొచ్చు, డాక్టరే రాయాలని లేదు. మీ ఆయనకి ఈ మాట చెప్పు, కొంత ఊరట.

జవాబు, రెడింగ్ నుంచి:

అక్క చెప్పినదానికి రెండు ముక్కలు కలుపుతాను. 28వ వారం నుంచి ఆర్‌ఎస్‌వీకి (పసిపిల్లల ఊపిరితిత్తులకి సోకే ఒక వైరస్) ఇంకో టీకా ఇస్తారు, 2024 సెప్టెంబరు నుంచి మొదలైంది. కోరింత దగ్గుది ఇప్పుడే వేయించుకుంటే రెంటికీ మధ్య ఎడం ఉంటుంది, చెయ్యి నొప్పులు కూడా ఒకేసారి మీద పడవు.

రెండోది, కానుపుకి మీ అమ్మానాన్నో అత్తమామలో వస్తారు కదా. వాళ్లకి ఇక్కడ ఎన్‌హెచ్‌ఎస్‌లో (సర్కారు వైద్యసేవ) కోరింత దగ్గు టీకా వేయరు. ఇండియాలో ప్రైవేటులో టీడాప్ (పెద్దవాళ్లకి వేసే ఇదే రకం టీకా) అని అడిగితే దొరుకుతుంది. బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు వాళ్ల డాక్టర్‌ని కనుక్కొని వేయించుకోమను. దగ్గుతో దిగితే ఎవరైనా సరే పాపని ఎత్తుకోవద్దని ముందే చెప్పి పెట్టు, వచ్చాక చెప్పాలంటే నోరు రాదు. ఇక్కడ పాపకి మొదటి టీకాలు 8 వారాలకి, మన దగ్గరలా 6 వారాలకి కాదు. కానుపయ్యాక ఊరెళ్లే ఆలోచన ఉంటే హెల్త్ విజిటర్‌తో (పసిపిల్లల్ని చూసే నర్సు) మాట్లాడి, టీకాలు రాసిన రెడ్ బుక్ వెంట తీసుకెళ్లు.