సినగాగ్‌ని 'దేవాలయం' అనొచ్చా?

ప్రశ్న: గలిలయ సరస్సు ఒడ్డున మగ్దలలో 2009లో బయటపడ్డ సినగాగ్ (యూదులు కూడి ధర్మశాస్త్రం చదువుకునే, ప్రార్థించే చోటు) గురించి ఒక వ్యాసం అనువదిస్తున్నాను. 'యూదుల పురాతన దేవాలయం' అని రాశాను. ఎడిటర్ గారు ఏమీ అనలేదు గానీ నాకే నప్పలేదు. బైబిల్లో ఉన్న 'సమాజమందిరం' మరీ పాతమాటలా లేదూ?

జవాబు: దేవాలయం మాత్రం వద్దండీ. బలులిచ్చే దేవాలయం యెరూషలేములో ఉండేది, క్రీ.శ. 70లో రోమన్లు దాన్ని కూల్చేశారు. మగ్దల సినగాగ్ ఆ దేవాలయం నిలిచి ఉన్న రోజుల్లోదే. అక్కడ దొరికిన చెక్కుడు రాయి మీది ఏడు కొమ్మల దీపవృక్షం యెరూషలేము దేవాలయంలోని దానికి బొమ్మేనని చాలామంది పండితుల మాట. రెండింటికీ ఒకే పేరు పెడితే 'దేవాలయంలో దేవాలయపు దీపం బొమ్మ' అని రాసుకోవాలి మీరు!

సమాజమందిరం పాతదే, కానీ భలే కుదిరిన మాట. సినగాగ్ గ్రీకు నుంచి వచ్చిన మాట: 'సున్' అంటే కలిపి, 'అగో' అంటే తోలడం, నడిపించడం. సంస్కృతంలో సమాజం కూడా సమ్ + అజ్. ఈ 'అజ్', ఆ 'అగో' ఒకే మూలంలోంచి వచ్చినవి. పశువుల గుంపు 'సమజం', తక్కినవాళ్లది 'సమాజం' అని అమరకోశం తేడా చెబుతుంది. ఒక్క దీర్ఘంతో గొడ్లకీ మనకీ తేడా!

మరొకరు: మందిరమన్నా గుడేగా? 'ప్రార్థనాలయం' అంటే సరిపోదా?

జవాబు: మందిరం అసలర్థం ఇల్లు. శయనమందిరంలో పూజారి ఉండడు కదండీ. హీబ్రూ 'బేత్ క్నెసెత్' కూడా సమావేశపు ఇల్లే. క్రీ.శ. 67లో రోమన్ సైన్యానికి చిక్కిన గమ్లా అనే యూదుల ఊళ్లో సినగాగ్ శిథిలం చూడండి: గోడల వెంబడి మెట్లుమెట్లుగా రాతి అరుగులు, మధ్యలో ఖాళీ. కూర్చున్నవాళ్లందరి చూపూ మధ్యకే. నాకైతే గర్భగుడికంటే రచ్చబండే గుర్తొస్తుంది.

ఇప్పటి సినగాగ్‌ని ప్రార్థనాలయం అంటే తప్పు పట్టను. ఆనాటి వాటి దగ్గరే నాకు పేచీ. యెరూషలేములో 1913 తవ్వకాల్లో ఒక గ్రీకు శాసనం దొరికింది. థియొడోటస్ అనే యాజకుడు సినగాగ్ కట్టించాడట. ఆయనా, తండ్రీ, తాతా ముగ్గురూ సమాజమందిరపు అధికారులే. ఎందుకు కట్టించాడో కూడా ఉంది: ధర్మశాస్త్రం చదవడానికి, ఆజ్ఞలు బోధించడానికి. పరదేశం నుంచి వచ్చి అవసరంలో ఉన్నవాళ్లకు బస, గదులు, నీటి వసతి. ప్రార్థన అన్న మాటే లేదు! చేసేవారు కాదని కాదు, ఆ ఒక్క పనితో పేరు పెడితే మిగతావన్నీ మరుగున పడతాయి.

ప్రశ్న అడిగినవారు: సరే, హెడ్డింగులో సినగాగ్, లోపల సమాజమందిరం. ఆ శాసనం సంగతీ చేరుస్తాను. 'బస' బదులు 'అతిథి గృహం' అంటే?

జవాబు: గవర్నమెంటు గెస్ట్‌హౌస్‌లా ఉంటుంది. సత్రం అనండి. బేత్లెహేములో మరియ, యోసేపులకు చోటు దొరకనిది కూడా మన బైబిల్లో సత్రమే.