అప్‌డేట్: ముసుగు మనిషి రాగిబిళ్ల సంగతి తేలింది

మామయ్య నాణేల డబ్బాలో దొరికిన పెద్ద రాగిబిళ్ల గురించి పోయిన నెల అడిగాను కదా. ఓక్ ఆకుల దండ మధ్య ముసుగు వేసుకున్న గడ్డం మనిషి, వెనక 1787, రాజు బొమ్మ ఎక్కడా లేదు. అసలది ప్రభుత్వ నాణెమే కాదు! వేల్స్‌లోని ఆంగిల్సీ దీవిలో పారిస్ (Parys, అక్కడి కొండ పేరు) మైన్ కంపెనీ కొట్టించిన పెన్నీ టోకెన్, అంటే నాణెం బదులు వాడే బిళ్ల. ఆ మనిషి డ్రూయిడ్, అంటే పాతకాలపు కెల్ట్ పూజారి.

అంచు చూడమన్నవారికి చాలా థాంక్స్. భూతద్దం పెట్టి మెల్లగా తిప్పుతూ చదివితే లండన్, లివర్‌పూల్, ఆంగిల్సీ పేర్లు కనిపించాయి. వాటిలో ఎక్కడికి తీసుకెళ్లి అడిగినా డబ్బు ఇస్తామని కంపెనీ ఇచ్చిన మాటన్నమాట. ఒళ్లు పులకరించింది.

1768లో పారిస్ కొండలో భారీగా రాగి దొరకడంతో పక్కనున్న చిన్న ఊరు ఆమ్లుక్ గని పట్టణమైపోయింది. కానీ కూలీలకు జీతాలివ్వడానికి చిల్లర ఏది? 1775 తర్వాత బ్రిటన్ టంకశాల రాగి నాణేలు కొట్టడం ఆపేసింది, బజారంతా దొంగ నాణేలే. అందుకే తమ కొండ రాగితో తామే చిల్లర చేసుకున్నారు. ప్రభుత్వం కోసం బర్మింగ్‌హామ్ పారిశ్రామికవేత్త మాథ్యూ బౌల్టన్ రాగి పెన్నీలు కొట్టింది 1797లో, అంటే పదేళ్ల తర్వాత.

బిళ్లను తోమలేదు. ఆ నల్లటి పొర అలాగే ఉంచుతున్నాను.