అరుపు విని ఏ కప్పో చెప్పడం ఎలా?

వానచినుకు: రాత్రి వాన వెలిశాక నీటిగుంట దగ్గర మూడు రకాల అరుపులు విన్నాను. ఒకటి సాగదీసి "ట్ర్ర్ర్ర్" అని, ఒకటి "టక్ టక్ టక్" అని, ఇంకోటి కీచురాయిలా. టార్చ్ వేయగానే అన్నీ ఆగిపోయాయి. వీటిలో గోదురు కప్ప ఏది? ఫోన్ యాప్‌ని నమ్మొచ్చా?

గట్టుమీద: టార్చ్ ఆర్పేసి పది నిమిషాలు కదలకుండా నిలబడండి, మళ్లీ మొదలుపెడతాయి. ఇద్దరుంటే చెరో పక్క నిలబడి అరుపు వచ్చే వైపు చెయ్యి చూపండి. రెండు చేతుల గీతలూ కలిసే చోటే కప్ప. మూడు రాత్రులు నన్ను తిప్పించింది అలాగే దొరికింది. అంత గొంతూ చేసి బొటనవేలి కణుపంత లేదు!

తడినేల: సాగదీసేది గోదురు కప్పే. ఒంటినిండా బుడిపెలు, కళ్ల వెనక ఉబ్బెత్తు గ్రంథులు.

పాతకాపు: అది కాదండీ. గోదురు కప్పంటే తొలి వానలకు పసుప్పచ్చగా మారి, గొంతుకు రెండు పక్కలా నీలం సంచులు ఉబ్బించే పెద్ద కప్ప. ఇరవై ఏళ్లుగా అరుపులు రికార్డ్ చేస్తున్నాను.

తడినేల: మా అమ్మమ్మ బుడిపెలదాన్నే గోదురు కప్ప అనేది. మీ రికార్డింగులుంటే ఆవిడ మాట తప్పైపోతుందా?

పాతకాపు: ఆవిణ్ణి అనలేదు. ఒకే పేరు రెండింటికీ వాడితే ఎవరు ఏది విన్నారో తేలదు. బుడిపెలదాన్ని దాని శాస్త్రీయ నామంతో డుట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్ అనండి. దాని గుడ్లు జిగురు దారాల్లో పూసలు గుచ్చినట్టుంటాయి.

తడినేల: పిల్లలకు కప్పను చూపించి ఆ పేరు చెప్పమంటారా? ఇలాగే ఉన్న పేర్లన్నీ పోతున్నాయి.

చెట్టునీడ: ఇద్దరూ కాస్త ఆగండి. టక్‌టక్ చెట్టుకప్ప కావచ్చు. నీళ్ల మీదికి వంగిన కొమ్మలకు తెల్లటి నురగ ముద్ద ఉందేమో చూడండి. గుడ్లు అందులోనే పెడుతుంది, తోకకప్పలు కింద నీళ్లలోకి జారిపడతాయి. ఓసారి ఏదో చీడ అనుకుని పైపుతో కడిగేశాను. ఇప్పటికీ బాధే.

పాతకాపు: ఇంకోటి, చల్లటి రాత్రి అదే కప్ప నెమ్మదిగా అరుస్తుంది. వేగాన్ని బట్టి తేల్చేయకండి.

వానచినుకు: నురగ దొరికింది! ఆకు వెనక, గుప్పెడంత ఉంది. కీచురాయి గొంతు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

గట్టుమీద: నేను చెప్పిన బుల్లిదే అయ్యుంటుంది. నీళ్లలో వెతక్కండి, అంచున గడ్డి మొదళ్లలో చూడండి.