స్టేషన్‌లో మనుషుల్లేరట, కాలనీ తరఫున ఏం చేయాలి?

కమిటీ కార్యదర్శి: అందరికీ నమస్కారం. మాది నాలుగు వందల ఇళ్ల కాలనీ. మూడు నెలల్లో రెండు ఇళ్లలో దొంగలు పడ్డారు, బళ్లలోంచి పెట్రోలు ఏడుసార్లు పోయింది. రాత్రి గస్తీ పెంచమని స్టేషన్‌కి వెళ్తే "మనుషుల్లేరండీ" అన్నారు. కసురుకోలేదు, నిజంగానే నిద్ర చాలని మొహాలు. కమిటీ మూడు ముక్కలైంది. కొందరు చందాలేసి స్టేషన్‌కి బండి కొనిద్దామంటారు, కొందరు వీధివీధికీ కెమెరాలంటారు. కుర్రాళ్లేమో కర్రలు పట్టుకుని మేమే తిరుగుతాం అంటున్నారు. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

పాత బీటు: పోలీసు ఉద్యోగం చేసి దిగిపోయినవాణ్ణి కనుక చెబుతున్నా. బండి సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి. వారానికి 168 గంటలు. మనిషి 48 గంటలు పనిచేస్తాడనుకుంటే, ఒక్క చోట ఒక్కరు రాత్రీపగలూ ఉండాలంటే మూడున్నర మంది కావాలి. సెలవులు, జబ్బులు, కోర్టు వాయిదాలు, శిక్షణ, బందోబస్తు కలిపితే ఇంచుమించు ఐదుగురు. అంటే యాభై మంది ఉన్న స్టేషన్‌లో ఏ వేళ చూసినా డ్యూటీలో ఉండేది పదిమందే. వాళ్లలో కాపలా, రాతపని, వైర్‌లెస్ పోను రోడ్డెక్కేది ఎందరో మీరే చెప్పండి. కొనిచ్చిన బండి నడిపేవాడు లేక షెడ్డులో దుమ్ముకొట్టుకుంటుంది.

కాబట్టి మూడు అంకెలు అడగండి: మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, రాత్రి షిఫ్టులో బయట తిరిగేదెందరు. "గస్తీ పెంచగలరు" అనే అర్జీ ఫైల్లో నిద్రపోతుంది. "ఇన్ని పోస్టులు ఇన్నాళ్లుగా ఖాళీ" అని అంకె వేసి ప్రజాప్రతినిధికిస్తే ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు.

చందాతో వస్తువు కొని నేరుగా స్టేషన్‌కి మాత్రం ఇవ్వకండి. రేపు మీ కమిటీలో ఒకాయన మీదే ఫిర్యాదొస్తే? ఇచ్చినవాడికి చనువు, పుచ్చుకున్నవాడికి మొహమాటం. తప్పదనుకుంటే పైఅధికారికి రాసి, శాఖ పేరున, రసీదుతో, అందరికీ తెలిసేలా ఇవ్వండి.

లైబ్రరీ మూల: గస్తీ అనగానే జీపు చక్కర్లు కొట్టడమే అనుకుంటాం. అమెరికాలోని కాన్సాస్ సిటీలో 1972-73లో దీన్ని పరీక్షించి చూశారు. పదిహేను బీట్లను (ఒక్కో గస్తీ ప్రాంతాన్ని బీటంటారు) మూడు భాగాలు చేసి, ఒక భాగంలో మామూలు గస్తీ ఆపేశారు, పిలిస్తేనే వెళ్లారు. ఇంకో భాగంలో రెండు మూడు రెట్లు పెంచారు. మూడోది ఎప్పటిలాగే. నేరాల్లోగానీ జనం భయంలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కమిటీ కార్యదర్శి: అయితే గస్తీ అడగడమే దండగా సార్?

లైబ్రరీ మూల: దండగ కాదండీ, ఎక్కడ అన్నదే ప్రశ్న. ఫిలడెల్ఫియాలో 2009లో హింసాత్మక నేరాలు ఎక్కువగా జరిగే 60 చిన్న చిన్న చోట్లు ఎంచి, పోలీసుల్ని కాలినడకన తిప్పారు. గస్తీ లేని అలాంటి చోట్లతో పోలిస్తే ఆ నేరాలు 23 శాతం తగ్గాయి. కాబట్టి కాలనీ మొత్తానికి గస్తీ అనకండి, ఫలానా మలుపు, ఫలానా వేళ అని అడగండి.

మూడో వీధి: ఇంత చదువు దేనికండీ, కెమెరాలు పెట్టేస్తే సరి. మేం పెట్టాం, బాగానే ఉంది.

పాత బీటు: బాగానే ఉంటుంది బాబూ, చూసేవాడుంటే. బళ్లు నిలిపే చోట కెమెరా బాగా పనిచేస్తుంది, వీధుల్లో అంత కాదు. దొంగతనం అయ్యాక ఫుటేజీ అడిగితే "అది నెల్నాళ్ల నుంచి రికార్డు కావట్లేదండీ" అనే మాట సర్వీసులో ఎన్నిసార్లు విన్నానో. కొనే రోజే ఎవరు చూస్తారు, పాడైతే ఎవరు బాగుచేయిస్తారు, రికార్డింగు ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరికి చూపిస్తారు అన్నవి కాగితం మీద పెట్టుకోండి.

కర్రల సంగతి: వద్దు. అనుమానంతో ఎవణ్ణో కొడతారు, కేసు మీ పిల్లలమీదే పడుతుంది. చూడటం, రాసుకోవడం, ఫోన్ చేయడం, అంతవరకే.

చివరి ఇల్లు: మా అమ్మాయి కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రయత్నిస్తానంటోంది. భర్తీకి కాలనీ ఏమైనా సాయపడగలదా?

పాత బీటు: మంచి మాట అడిగావమ్మా. ఖాళీలు నిండాలంటే ఎవరో ఒకరి ఇంట్లోంచే రావాలి కదా. నోటిఫికేషన్ వచ్చిందని వెంటనే మనుషులు వచ్చేయరు. రాత పరీక్ష, దేహదారుఢ్యం, వైద్యపరీక్ష, పూర్వాపరాల విచారణ, ఆపైన నెలల తరబడి శిక్షణ. చాలామంది పరుగు దగ్గరే ఆగిపోతారు, ఆఖరి నెలలో మొదలుపెట్టి మోకాలు పాడుచేసుకుంటారు. ఆరు నెలల ముందే మెల్లగా మొదలుపెట్టమనండి. కాలనీ చేయగలిగింది: తెల్లవారుజామున మైదానం గేటు తీయించడం, ఆడపిల్లలకు తోడుగా ఒక పెద్దామె ఉండటం, చదువుకునేందుకు ఒక గది, దరఖాస్తు నింపేటప్పుడు పక్కన ఒకరు. రాత్రి డ్యూటీలు, పండగ రోజుల డ్యూటీలు ఎలా ఉంటాయో దాచకుండా చెప్పించండి. తెలియక చేరి మానేసేవాళ్లతో మళ్లీ ఖాళీలే.

అన్నట్టు, ఆ కర్రల కుర్రాళ్లలోనే రేపు దరఖాస్తు పెట్టేవాళ్లుంటారు. ఒక్క కేసున్నా విచారణ దగ్గరే ఆగిపోవచ్చు.

లైబ్రరీ మూల: ఇంకొకటి అడగండి కార్యదర్శి గారూ: బీటుకి ఒకే మనిషి, కనీసం ఏడాదిపాటు. జపాన్‌లో కోబన్ అనే చిన్న ఠాణాల పోలీసులు ఇంటింటికీ వెళ్లి పలకరించి వస్తారు. షికాగోలో 1993లో మొదలైన పద్ధతిలో బీటు పోలీసులు, ఆ వీధుల జనం కలిసి సమావేశమయ్యేవారు. ఇలాంటి ప్రయత్నాలను కలిపి చూసిన 2014 నాటి సమీక్షలో పోలీసుల మీద జనం సంతృప్తి, నమ్మకం పెరిగాయనీ, నేరాలు మాత్రం పెద్దగా తగ్గలేదనీ తేలింది. కనుక నెలకే దొంగతనాలు ఆగిపోతాయని కమిటీలో మాటివ్వకండి.

సమావేశంలో ఒక్క సమస్యే పట్టుకోండి. పోయినసారి ఎవరు ఏం చేస్తామన్నారో ముందు చదవండి. ఏడు పెట్రోలు చోరీలను ఏడు కేసులుగా కాక, ఒకే సమస్యగా చూడండి. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ వారం అని గీసుకోండి.

కమిటీ కార్యదర్శి: (నాలుగు రోజుల తర్వాత) గీశాం. ఏడు చోరీల్లో ఐదు వెనక గోడ పక్కనే. అక్కడ దీపం వెలగక ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. దీపానికి అర్జీ పెట్టాం, అది పోలీసుల పనే కాదట! బండి చందా ఆపేశాం, కొందరికి కోపమొచ్చింది. కుర్రాళ్లలో నలుగురు పొద్దున్నే పరుగుకి వస్తున్నారు. బీటు కానిస్టేబుల్ ఆదివారం వస్తానన్నారు, కానీ నాలుగు వందల ఇళ్లలో వస్తామన్నది తొమ్మిది మందే. వాయిదా వేయనా?

పాత బీటు: వేయకండి. పది కుర్చీలే వేయండి, ఖాళీగా కనిపించదు.