పది వారాల కడుపు, పుణెలో ఆడబిడ్డ పెళ్లి, అక్కడేమో జికా. వెళ్లనా, ఆగనా?

కరీంనగర్ కోడలు
2024 జులై 27

అందరికీ నమస్తే. ఇక్కడ ఎప్పుడూ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. రాత్రి రెండైంది, నిద్ర పట్టక రాస్తున్నాను. కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

నాకు నిన్నటితో పది వారాలు నిండాయి. రెండేళ్ల కింద తొమ్మిదో వారంలో ఒకసారి పోయింది. ఆ రోజు స్కాన్ చేస్తూ డాక్టరమ్మ తెర నా వైపు తిప్పకుండా చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. ఈసారి పోయిన వారం గుండె చప్పుడు వినిపించారు. మా ఆయన బయటికి వచ్చి మెట్ల మీద అట్లాగే కూర్చుండిపోయారు, చాలాసేపు లేవలేదు.

శ్రావణంలో, ఆగస్టు మూడో వారంలో, మా ఆడబిడ్డ పెళ్లి. అబ్బాయి వాళ్లది మన పద్మశాలి కుటుంబమే. తాతల కాలంలో సిరిసిల్ల నుంచి పుణె పోయి స్థిరపడ్డారు. పెళ్లి అక్కడే, కొత్‌రూడ్‌లో. దోమ కాటుతో సోకి కడుపులో బిడ్డకి కూడా చేటు చేసే ఆ జికా వైరస్ మొదటి కేసులు వచ్చిన ఎరండవణే దానికి ఆనుకునే ఉంటుందట. జూన్ 20 దాటాక అక్కడ ఒక డాక్టరుకీ, ఆయన కూతురికీ తేలింది. జులై మొదట్లోనే గర్భిణులకి కూడా వచ్చిందని వార్త. జులై 3న కేంద్రం అన్ని రాష్ట్రాలకీ లేఖ రాసింది: గర్భిణులకి పరీక్షలు చేయండి, జికా ఉన్నట్టు తేలితే కడుపులో బిడ్డ ఎదుగుదలని గమనిస్తూ ఉండండి అని. అది చదివిన రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు.

మా డాక్టరమ్మని అడిగాను. "నన్నడిగితే వెళ్లొద్దనే అంటాను. కానీ ఇంటి పెళ్లి, మీరే ఆలోచించుకోండి" అన్నారు. గట్టిగా వద్దని ఉంటే ఇంట్లో చెప్పడం సులువయ్యేది.

అత్తమ్మ చెడ్డమనిషి కాదు. అది ముందే చెప్తున్నా, ఎవరూ ఆమెని ఏమీ అనొద్దు. పోయినసారి నాకు అట్లా అయినప్పుడు నెల దాకా నన్ను వంటింట్లోకి అడుగు పెట్టనివ్వలేదు. ఇప్పుడు ఆమె అన్నది ఒకటే మాట: "ఉన్నది ఒక్క వదినవి. నువ్వు రాకుంటే దాని ఒళ్లో బియ్యం ఎవరు పోస్తరు?" మా ఆయనకి ఒక్కతే చెల్లెలు. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు తను ఇంటర్ చదువుతోంది. తన జడలు నేనే వేసేదాన్ని.

విమానంలో గంటంబావు. రెండు రోజులే కదా, ఒళ్లంతా కప్పుకుని, దోమల క్రీము రాసుకుని పోయొస్తే ఏమైతది అని ఒక మనసు. ఒక్క దోమ చాలు కదా అని ఇంకో మనసు. ఎవరైనా ఇట్లాంటిది దాటి ఉంటే చెప్పండి. నేను ఆగిపోయి ఆయన్ని పంపితే సరిపోతుందా?

*

వాకడ్ అమ్మాయి
జులై 27

అక్కా, మాది విజయనగరం. ఆయన ఉద్యోగం వల్ల మూడేళ్లుగా పుణెలోనే ఉంటున్నాం. నాకు ఇప్పుడు ఆరో నెల. నేను కదలడానికి లేదు కాబట్టి ఇక్కడే ఉన్నాను. మీకు ఆగే దారి ఉంది. నాకైతే అది ఒక్కటే తేడాగా కనిపిస్తోంది.

పోయిన వారం కార్పొరేషన్ వాళ్లు మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. పూలకుండీలు, బకెట్లు చూస్తారులే అనుకున్నా. నేను రోజూ తుడుచుకునేదాన్ని, ధీమాగా తలుపు తీశాను. ఒకతను నేరుగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, దాన్ని గోడ నుంచి జానెడు జరిపి, వెనక కింద ఉన్న ట్రేలోకి టార్చి కొట్టాడు. వేలెడు లోతు నీళ్లు. అందులో వెంట్రుకల్లాంటి పురుగులు వంకర్లు తిరుగుతూ పైకి వచ్చి మళ్లీ కిందికి పోతున్నాయి. ఆ ఫ్రిజ్‌కీ నా మంచానికీ మధ్య ఒక్క గోడే అడ్డు. నాకు కాళ్లు వణికాయి. అతను ఆ నీళ్లు మట్టిలో పారబోసి, ట్రేని పీచుతో గీకి కడగమని చెప్పాడు. ఒట్టినే నీళ్లు పోసి కడిగితే గుడ్లు గోడలకి అంటుకునే ఉంటాయట, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉండి మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయట.

మా అపార్ట్‌మెంట్‌లో గర్భిణులం ఇద్దరం. ఇద్దరి నుంచీ రక్తం, మూత్రం తీసుకెళ్లారు. ఇద్దరికీ లేదని వచ్చింది. కానీ అది వచ్చేదాకా నేను తిన్నది తిన్నట్టు లేదు, పడుకున్నది పడుకున్నట్టు లేదు. మా అమ్మకి ఫోన్లో కూడా చెప్పలేదు.

ఇంకొకటి. ఇక్కడి మంగళ కార్యాలయాల్లో, అంటే ఫంక్షన్ హాళ్లలో, పెళ్లంటే సగం సందడి బయట లాన్‌లోనే ఉంటుంది. ఇప్పుడు రోజూ వాన. మీరు ఎంత కప్పుకున్నా పట్టుచీర కట్టుకుని అక్షింతలు వేయడానికి వెళ్తారు, చేతులూ పాదాలూ బయటే ఉంటాయి కదా.

*

వార్డు సిస్టర్
జులై 27

అమ్మా, నేను గుంటూరులో స్టాఫ్ నర్సుని. ప్రసూతి వార్డులో పంతొమ్మిదేళ్లు చేశాను. మీ డాక్టరుగారు చెప్పినదాన్ని నేను మార్చడం లేదు, ఆవిడ అలా ఎందుకన్నారో విడమరిచి చెబుతాను.

జికాని మోసేది డెంగీని మోసే దోమే, ఏడిస్. అది పగటి దోమ. తెల్లారాక రెండు మూడు గంటలు, మళ్లీ పొద్దుగూకే ముందు ఎక్కువ కుడుతుంది. మీ ముహూర్తం పొద్దున పూట అయితే అందరూ మండపంలో కూర్చునేది సరిగ్గా దాని వేళకే. రాత్రి దోమతెర కట్టుకున్నాం కదా అంటే దానికి చాలదు.

"జ్వరం వస్తే తెలిసిపోతుంది కదా" అని చాలామంది అంటారు. సోకిన ఐదుగురిలో నలుగురికి ఏ లక్షణమూ ఉండదు. ఉన్నవాళ్లకి కూడా కొద్దిపాటి జ్వరం, ఒంటి మీద దద్దు, కళ్లు ఎర్రబడటం, కీళ్ల నొప్పులు, అంతే. వారంలో తగ్గిపోతాయి. తల్లికి ఏమీ తెలియకుండానే అది బిడ్డ దాకా పోవచ్చు. బ్రెజిల్‌లో 2015లో చిన్న తలలతో పిల్లలు పుట్టడం మొదలయ్యాకే ప్రపంచం దీని వైపు చూసింది. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. దీన్ని 1947లోనే ఉగాండా అడవిలో ఒక కోతిలో కనుగొన్నారు. అన్నేళ్లు దీన్ని చిన్న జ్వరం కిందే లెక్కేశారు.

"వచ్చాక టెస్టు చేయించుకుంటాలే" అనేది ఇంకో మాట. వైరస్ రక్తంలో సుమారు వారం, మూత్రంలో ఇంకొన్ని రోజులు దొరుకుతుంది. ఆ గడువు దాటితే యాంటీబాడీ పరీక్షే గతి. మన దగ్గర డెంగీ రాని మనిషి తక్కువ, ఆ పరీక్షలో డెంగీ యాంటీబాడీలూ ఇవీ కలిసిపోయి అయోమయం చేస్తాయి. స్కాన్‌లో తల చుట్టుకొలత తేడా కూడా వెంటనే కనిపించదు. ఒక్కోసారి బిడ్డ అవయవాలన్నీ చూసే ఐదో నెల టిఫా స్కాన్ బాగానే ఉండి, ఏడో నెలలో బయటపడుతుంది. అంటే ఈ రెండు రోజుల ప్రయాణానికి మీరు ఆరు నెలలు గుబులు మోయాలి. పోయినసారి మీకు జరిగింది చదివాక నాకు ముందు తోచింది ఇదే. మందు లేదు, టీకా లేదు.

పుణెలో ఉన్న ఆ అమ్మాయి కూడా ఇది చదువుతుంది కాబట్టి ఇది కూడా చెప్పాలి. సోకినంత మాత్రాన బిడ్డకి వచ్చేసినట్టు కాదు. జికా సోకిన తల్లులకి పుట్టిన పిల్లల్లో నూటికి 5 నుంచి 15 మందికి ఏదో ఒక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మిగతా అందరూ బాగానే పుడుతున్నారు. మొదటి మూడు నెలల్లో సోకితేనే ప్రమాదం ఎక్కువ. తల్లీ, నువ్వు ఆరో నెలలో ఉన్నావు, పరీక్షలో లేదని వచ్చింది, ధైర్యంగా ఉండు. డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న క్రీము సీసా మీద రాసినట్టు వాడితే గర్భిణులకి ఇబ్బంది లేదు. సన్‌స్క్రీన్ రాస్తే అది ముందు, ఇది తర్వాత. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, డెంగీ కాదని తేలేదాకా.

*

కళక్కూట్టం రోజులు
జులై 28

చెల్లీ, మీరు చివర్లో అడిగిన ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయన ఒక్కరే వెళ్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. అది మా ఇంట్లో జరిగింది కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

2021లో నేను తిరువనంతపురంలో టెక్నోపార్క్‌లో పని చేసేవాణ్ని. నా భార్య రాజమండ్రిలో పుట్టింట్లో ఉంది, మూడో నెల. జులైలో తిరువనంతపురంలో జికా బయటపడింది. మొదట తేలింది ఇరవై నాలుగేళ్ల గర్భిణికే. నేను వారాంతానికి రాజమండ్రికి టికెట్ కూడా తీసుకున్నాను. ఆఫీసులో ఒక మలయాళీ సహోద్యోగి, వాళ్లావిడ డాక్టరు, నన్ను క్యాంటీన్‌లో పక్కకి పిలిచి చెప్పాడు: ఇది దోమతో మాత్రమే కాదు, భార్యాభర్తల కలయిక వల్ల కూడా సోకుతుంది, మగవాళ్ల వీర్యంలో నెలల తరబడి ఉండగలదు అని. నాకు ఒంట్లో ఏ నలతా లేదు. లేకపోయినా ఉండొచ్చన్నాడు. ఆ సంగతి అప్పటిదాకా నాకు ఏ పేపర్లోనూ కనపడలేదు.

భార్య గర్భంతో ఉంటే, జికా ఉన్న ఊరికి వెళ్లొచ్చిన భర్త కాన్పు అయ్యేదాకా కండోమ్ వాడాలి, లేదా దూరంగా ఉండాలి. పిల్లల కోసం ప్రయత్నించే జంటలకైతే మగవాళ్లకి మూడు నెలల గడువు చెబుతారు. మీకు కాన్పు దాకా. ఇంకొకటి, ఆయన తిరిగొచ్చాక మూడు వారాలు మీ ఇంట్లో దోమ కుట్టకుండా చూసుకోవాలి. ఆయన్ని కుట్టిన దోమే మిమ్మల్ని కుడితే పుణె మీ ఇంటికి వచ్చినట్టే. ఆయన ఒంటికి కూడా రోజూ క్రీము రాయించండి. ఇది అత్తమామలకీ వర్తిస్తుంది, వాళ్లూ అక్కడి నుంచే వస్తారు.

నేను టికెట్ రద్దు చేసుకుని ఆరు వారాలు ఆగి వెళ్లాను. వెళ్లాక కూడా హాల్లో పడుకున్నాను. మా మామగారికి చెప్పడానికి నోరు రాక వాట్సాప్‌లో రాసి పంపాను. ఆయన ఏమీ అనలేదు, రెండో రోజే హాల్లో మంచం వేయించి దోమతెర కట్టించారు. తిరువనంతపురంలో మొదట తేలిన ఆ తల్లికి బిడ్డ ఆరోగ్యంగానే పుట్టింది, అది కూడా పేపర్లో చదివాను. మా పాపకి ఇప్పుడు రెండున్నరేళ్లు.

*

లక్ష్మక్క
జులై 28

బిడ్డా, నాకు ఈ వైరస్‌ల సంగతి తెల్వదు. ఒడిబియ్యం సంగతి తెలుసు. ఒడిబియ్యం పోసేది పుట్టింట్ల. పెండ్లి పుణెల అయితే అయింది, పిల్ల పుట్టింటికి రాదా? కొత్తగ పెండ్లయిన పిల్ల బతుకమ్మకు రాకుంట ఉంటదా? అప్పుడు ఐదు శేర్ల బియ్యానికి పసుపు, నూనె పట్టిచ్చి, కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపుకొమ్ములు పెట్టి నీ చేతులతోనే పొయ్యి. మీ అత్తకు నువ్వు చెప్పకు. నీ మొగుణ్ని చెప్పమను. కొడుకు చెప్తె ఒక తీరుగ వింటది, కోడలు చెప్తె ఒక తీరుగ వింటది. ఎవలింట్లనైనా అంతే.

*

కరీంనగర్ కోడలు
జులై 28

అందరికీ ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. తిరువనంతపురం అన్నయ్యా, మీరు రాసింది మా ఆయనకి ఫోన్లో చూపించాను. ఆయన మూడుసార్లు చదివి, "ఇది మనకి ఎవరూ చెప్పలేదు కదా" అన్నారు. లక్ష్మక్కా, మీ మాట ఆయనకి చదివి వినిపించలేదు, చేయించాను. ఈ ఆదివారం అమ్మతో మాట్లాడతానన్నారు.

*

కరీంనగర్ కోడలు
ఆగస్టు 25

పెళ్లి అయిపోయింది. నేను వెళ్లలేదు.

మా ఆయన అత్తమ్మతో మాట్లాడిన రోజు నేను లోపల గదిలోనే ఉన్నాను. ఆయన వైరస్ అనీ శాతాలనీ ఏమీ చెప్పలేదు. "అమ్మా, పోయినసారి అది ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నీకు యాది ఉన్నదా" అని అడిగారు. అంతే. అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "బతుకమ్మకి పిలుస్తా దాన్ని, అప్పుడు ఒడిబియ్యం పోద్దువు" అన్నది. లక్ష్మక్కా, నేను ఆమెకి మీ మాట చెప్పనే లేదు!

ఆడబిడ్డకి మాత్రం నేనే ఫోన్ చేశాను. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తన జడకి కట్టే పూలు నేనే ఎంచి ఆయనతో పంపుతానని చెప్పాను. పంపాను కూడా, తడిగుడ్డలో చుట్టి. పెళ్లి రోజు పొద్దున్నే వీడియో కాల్‌లో వెనక్కి తిరిగి జడ చూపించింది.

ఆ నాలుగు రోజులూ నేను కరీంనగర్‌లో అమ్మ దగ్గర ఉన్నాను. వచ్చిన రోజే అమ్మ మీద అరిచి డాబా మీద మూలకి పెట్టిన పాత కూలర్ వంచి చూశాను. వాకడ్ చెల్లి చెప్పిన పురుగులే, అవే వంకర్లు. నాన్న, నేనూ కలిసి దాన్ని గీకి ఎండలో బోర్లించాం. ఈ ఏడు మా వీధిలోనే ముగ్గురికి డెంగీ, ఆ దోమ మనింట్లోనూ ఉంది మరి.

ఆయన, అత్తమామలు తిరిగొచ్చి నాలుగు రోజులైంది. ముగ్గురికీ పొద్దునా సాయంత్రం క్రీము. మామయ్య వాసన అంటూనే రాసుకుంటున్నారు. నేను ఇంకో రెండు వారాలు అమ్మ దగ్గరే ఉంటాను. అక్టోబరు మొదటి వారానికి నాకు ఇరవై వారాలు, టిఫా స్కాన్ అప్పుడే. బతుకమ్మా అప్పుడే. ఒడిబియ్యం కోసం అత్తమ్మ ఇప్పటికే కుడుకలు కొని పెట్టిందట.

వాకడ్ చెల్లీ, నువ్వెలా ఉన్నావు? ఇది చూస్తే ఒక్క ముక్క రాయి.